రగ్బీ చూసేవాళ్లు మన నెల్లూరు, ప్రకాశం వైపు ఎవరన్నా ఉన్నారా?

పెన్నాగట్టు, కోవూరు
శనివారం రాత్రి 10:40

అందరికీ నమస్కారం. చాన్నాళ్లుగా రాయాలనుకుంటున్నా, ఇవాళ కుదిరింది.

నాకు రగ్బీ అంటే ప్రాణం. క్రికెట్ గురించి మాట్లాడాలంటే మా టీ బంకు దగ్గర పదిమంది దొరుకుతారు, ఫుట్‌బాల్‌కి ఇద్దరు ముగ్గురు. రగ్బీకి ఇంతవరకు ఒక్కరూ దొరకలేదు. "అదేం ఆటబ్బా, మీద పడి కొట్టుకోవడమేగా" అని కొట్టిపారేస్తారు.

చదువు కోసం రెండేళ్లు వేల్స్‌లోని కార్డిఫ్‌లో ఉన్నా. అక్కడ స్టేడియం ఊరి నడిబొడ్డున ఉంటుంది, మన వీఆర్సీ సెంటర్లో కట్టినట్టు. మ్యాచ్ రోజుల్లో అందులోనే తినుబండారాల కౌంటర్లో పనికి నిలబడేవాణ్ణి. మొదటి రోజు ఆట కనపడలేదు, పాట వినపడింది. డెబ్బై వేల మంది వాళ్ల దేశగీతాన్ని ఒక్క గొంతుతో పాడుతుంటే నా చేతిలోని ట్రే అదిరింది. రెండో సగంలో సూపర్‌వైజర్ పది నిమిషాలు వదిలితే మెట్లెక్కి చూశా. సరిగ్గా నా ముందు మూలలోనే స్క్రమ్ పడింది. ఇటు ఎనిమిది మంది, అటు ఎనిమిది మంది, నడుములు వంచి భుజాల కింద తలలు దూర్చి నెట్టుకుంటున్నారు. ఫిబ్రవరి చలి. ఇడ్లీ పాత్ర మూత తీసినట్టు వాళ్ల వీపుల మీంచి ఆవిరి లేస్తోంది. ముందు వరుసలో ఒకతని చెవి ఏళ్ల తరబడి నలిగి ముద్దకట్టి ఉంది. బూట్ల కింద గడ్డి పెళ్లలుగా ఊడొస్తోంది. ఒక్క అడుగు. ఇంకో అడుగు. ఆ రెండడుగులకు స్టేడియం మొత్తం లేచి నిలబడింది. ఆ రోజు నుంచి నేను ఈ ఆటను వదల్లేదు.

ఎందుకింత ఇష్టమంటే, ఫుట్‌బాల్ అని పేరున్న ఆటలన్నింటిలో దీనికొక వింత నియమం ఉంది. బంతిని చేత్తో ముందుకు వెయ్యకూడదు. పక్కకో వెనక్కో వెయ్యాలి. కాలితో తంతే ముందుకు పోవచ్చు గానీ, చేతిలో బంతి ముందుకు పోవాలంటే పట్టుకున్న మనిషే పోవాలి. వాడు పడిపోయేసరికి వెనకాల ఇంకొకడు సిద్ధంగా ఉండాలి. ఈ ఒక్క నియమంలోంచే ఆట మొత్తం పుట్టింది.

2023 ప్రపంచకప్ ఫైనల్ మన టైముకి రాత్రి పన్నెండున్నరకి మొదలైంది. ఆ రాత్రి నేను కావలి వైపు ఒక రొయ్యల చెరువు దగ్గర డ్యూటీలో ఉన్నా. గట్టు మీద కూర్చుని ఫోన్లో చూశా. దక్షిణాఫ్రికా 12, న్యూజిలాండ్ 11. ఆఖరి నిమిషాల్లో నేను పెట్టిన కేకకి, చెరువులో ఆక్సిజన్ పడిపోయిందేమోనని వాచ్‌మన్ టార్చి పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. గెలిచింది ఎవరో, ఎందుకు అరిచానో చెప్పుకోడానికి నాకు ఆయన తప్ప ఎవరూ లేరు. ఆయన పాపం ఓపిగ్గా విన్నాడు.

మీలో ఎవరన్నా చూస్తారా? చూడకపోయినా పర్లేదు, మీ ఆట గొప్పదైతే ఎందుకు గొప్పదో చెప్పండి. మాట్లాడుకుందాం.

వింగర్ పదకొండు, నెల్లూరు
ఆదివారం ఉదయం 8:05

అన్నా, నేను ఏసీ సుబ్బారెడ్డి స్టేడియంలో పొద్దున్నే ఫుట్‌బాల్ ఆడతా. ఇప్పుడే ఇంటికొచ్చి చదివా. మనసు పెట్టి రాశావు. కానీ నాకు ఒప్పుకోబుద్ధి కావట్లేదు.

ఫుట్‌బాల్‌కి ఏం కావాలి? ఒక బంతి, నాలుగు రాళ్లు. చూసేవాడికి చిన్నప్పుడే అర్థమైపోతుంది. మీ రగ్బీలో నిమిషానికోసారి ఈల. కుప్పగా పది మంది పడతారు, లోపల ఏం తప్పు జరిగిందో టీవీలో చూసినా తెలీదు, రెఫరీ చెయ్యెత్తుతాడు, ఒకడొచ్చి గోల్‌స్తంభాల మధ్యకు తంతాడు, మూడు పాయింట్లు. నువ్వు చెప్పిన ఫైనల్ హైలైట్స్ నేనూ చూశా. న్యూజిలాండ్ ట్రై చేసింది, అంటే అవతలి గీత దాటి బంతిని నేలకి ఆనించింది. దక్షిణాఫ్రికా ఒక్క ట్రై కూడా చెయ్యలేదు. నాలుగు పెనాల్టీ కిక్కులతో కప్పు ఎత్తుకుపోయింది. ఇదేం న్యాయం?

2022 ఫుట్‌బాల్ ఫైనల్ చూడు. అర్జెంటీనా, ఫ్రాన్స్ 3-3. ఎంబాపె ఒక్కడే మూడు కొట్టాడు. ఆ రోజు మా వీధిలో ఫుట్‌బాల్ పేరు తెలియని ఆడవాళ్లు కూడా టీవీ ముందు నుంచి లేవలేదు. ఎవరూ వాళ్లకి రూల్స్ చెప్పలేదు. ఆట అంటే అట్టా ఉండాలి.

గిత్తలబండి, ఒంగోలు
ఆదివారం మధ్యాహ్నం 1:30

నాకు ఈ ఆటల గురించి పెద్దగా తెలవదు. మా నాన్న కాలం నుంచి ఎడ్లు మేపుతున్నాం, బండలాగుడు పోటీలకు పోతుంటాం. పెన్నాగట్టు తమ్ముడు రాసింది చదివి ఆ స్క్రమ్ ఏందో చూద్దామని వీడియోలు పెట్టుకున్నా. రెండు గంటలు అట్టాగే కూర్చుండిపోయినా.

బండలాగుడుకి కొత్తగా వచ్చినోళ్లు ఎడ్ల ఒళ్లు చూస్తారు. తెలిసినోళ్లు కాళ్లు చూస్తారు. బండ కదిలేది గిట్ట నేలలో దిగే పట్టు దగ్గర. జతలో ఒకటి ఊపందుకుని రెండోది అరక్షణం వెనకబడితే కాడి వంకరపోద్ది, బండ పక్కకు తిరుగుద్ది, అడుగులు పోతాయి. ఎంత బలమున్న ఎద్దయినా సరే, జత కుదరకపోతే పనికిరాదు. అందుకే జతకి ఎద్దును వెతకడానికి మేం ఊళ్లు తిరుగుతాం.

ఆ స్క్రమ్ములో నేను చూసింది అదే. ఒక పక్కోళ్లు ముందుకు, ఇంకో పక్కోళ్లు వెనక్కి పోతే మొత్తం గిర్రున తిరిగిపోయింది, రెఫరీ ఆపేశాడు. నడుం ఎవరిది వంగి ఉంటే వాళ్లదే పైచేయి. ముందు వరుసోళ్ల మెడలు చూస్తే మన ఒంగోలు జాతి మూపురాలు గుర్తొచ్చినయ్. దీన్ని కొట్టుకోవడం అనేవాళ్లు సరిగ్గా చూళ్లేదు. ఇంకా రాయండి, చదువుతా.

పెన్నాగట్టు, కోవూరు
ఆదివారం రాత్రి 9:20

గిత్తలబండి అన్నా, మీరు చూసినంత నిశితంగా నేను మొదటిసారి చూళ్లేకపోయా. ఒక మాట చెబుతా, మీకు నచ్చుతుంది. పెద్ద స్థాయిలో ఎనిమిది మంది కలిపి దాదాపు 900 కిలోలు తూగుతారు. అంత బరువు మెడ మీద పడుతుంది కాబట్టి ముందు వరుసలో నిలబడటానికి ప్రత్యేకంగా శిక్షణ ఉండాలి. దెబ్బలు తగిలి, శిక్షణ ఉన్న ముందు వరుసోళ్లు అయిపోతే ఇంకొకణ్ణి తెచ్చి దూర్చడానికి లేదు. అప్పుడు రెఫరీ నెట్టుకోవడం లేని స్క్రమ్ములే పెట్టిస్తాడు. మీరు జత కోసం ఊళ్లు తిరిగినట్టే క్లబ్బులు ముందు వరుసలో నిలబడే మంచి ప్రాప్ కోసం దేశాలు తిరుగుతాయి.

వింగర్ తమ్ముడూ, నీ మాటలో నిజముంది. కుప్పలో ఏం జరిగిందో అర్థం కాకపోతే ఆట విసుగే. నాకూ మొదటి నెల అంతే. కార్డిఫ్‌లో నా పక్క గదిలో ఉన్న ఒక ముసలాయన మూడు ముక్కల్లో చెప్పాడు. పట్టుబడి కింద పడ్డవాడు బంతిని వదలాలి. పట్టినవాడు మనిషిని వదలాలి. మిగతావాళ్లు తమ వైపు నుంచే, కాళ్ల మీద నిలబడి రావాలి, పక్క నుంచి దూరకూడదు. ఈలలు సగం ఈ మూడింటి మీదే. ఇవి తలకెక్కాక కుప్ప కుప్పలా కనపడదు. బంతి ఎవరిది అన్న తగువు ప్రతి పదిహేను సెకన్లకీ అక్కడ కొత్తగా మొదలవుతోందని తెలుస్తుంది. నీ ఫుట్‌బాల్‌లోనూ పెనాల్టీ బాక్సులో తప్పు చేస్తే గోలే కదా పోయేది? ఇక్కడా అంతే, తప్పు చేసినవాడు మూడు పాయింట్లు చెల్లించాలి.

ఆ ఫైనల్లో ఇంకో సంగతి హైలైట్స్‌లో పట్టుకోలేవు. న్యూజిలాండ్ కెప్టెన్ శామ్ కేన్ భుజం ఎదుటివాడి తలకి తగిలిందని మొదటి సగంలోనే పసుపు కార్డిచ్చారు, వీడియో చూశాక అది ఎరుపైంది. పురుషుల ప్రపంచకప్ ఫైనల్లో ఎర్రకార్డు అదే మొదటిది. అక్కణ్ణుంచి పద్నాలుగు మందితో ఆడి ఒక్క పాయింటు దాకా వచ్చారు. నేను దక్షిణాఫ్రికా గెలవాలని కోరుకున్నవాణ్ణే. అయినా ఆ రాత్రి న్యూజిలాండ్ వాళ్లను చూసి కళ్లు చెమ్మగిల్లాయి. ఇక దక్షిణాఫ్రికా సంగతి చూడు. క్వార్టర్‌ఫైనల్ ఫ్రాన్స్ మీద 29-28, సెమీస్ ఇంగ్లండ్ మీద 16-15, ఫైనల్ 12-11. వరసగా మూడు మ్యాచులు ఒక్కో పాయింటు తేడాతో. గుండె నిబ్బరం లేకపోతే కుదిరే పనేనా?

నీకు ట్రై కావాలంటే మాత్రం ఒక్క మ్యాచ్ చూడు. 2015, సెప్టెంబర్ 19, బ్రైటన్. జపాన్, దక్షిణాఫ్రికా. అప్పటికి జపాన్ ప్రపంచకప్‌లలో గెలిచింది ఒకే ఒక్క మ్యాచ్, అదీ 1991లో జింబాబ్వే మీద. దక్షిణాఫ్రికా రెండుసార్లు కప్పు ఎత్తింది. టైం అయిపోతోంది, జపాన్ 29-32తో వెనకబడి ఉంది, పెనాల్టీ దొరికింది. తంతే మూడు పాయింట్లు, డ్రా. దక్షిణాఫ్రికాతో డ్రా అంటేనే వాళ్ల దేశంలో పండగ. కెప్టెన్ మైకేల్ లీచ్ తన్నమనలేదు, స్క్రమ్ కావాలన్నాడు. రగ్బీలో 80 నిమిషాలు దాటినా బంతి ఆగేదాకా ఆట ఆగదు. బంతి ఈ చివరి నుంచి ఆ చివరికి పోయింది, హెస్కెత్ అనే ఆటగాడు మూలలో గీత మీద వాలాడు. 34-32. నేను అది పాత వీడియోలోనే చూశా, ఏమవుతుందో ముందే తెలిసి చూశా. అయినా ఒళ్లు జలదరించింది.

డల్లాస్ కందుకూరు
సోమవారం ఉదయం 6:50

నేను కందుకూరోణ్ణి, పదకొండేళ్లుగా డల్లాస్‌లో ఉంటున్నా. ఇక్కడ శుక్రవారం రాత్రి హైస్కూల్ ఫుట్‌బాల్‌కి ఊరు ఊరంతా కదిలొస్తుంది. మా బాబు ఆడతాడు. అందుకని అమెరికన్ ఫుట్‌బాల్ తరఫున నేను మాట్లాడాలి.

రగ్బీ మా ఆటకి అన్న లాంటిది, కాదనను. కానీ బంతి ముందుకు వెయ్యకూడదనే నియమం గొప్పదంటే నేను ఒప్పుకోను. మొదట్లో ఇక్కడా వెయ్యనిచ్చేవాళ్లు కాదు. అందరూ గుంపుగా ఒకే చోటికి పోయి గుద్దుకునేవాళ్లు. 1905లో కాలేజీ కుర్రాళ్ల చావులు ఎక్కువై, ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్ పెద్ద కాలేజీల వాళ్లను పిలిపించి ఆటను బాగు చేసుకోమన్నాడు. 1906లో ముందుకు వేసే పాస్‌ను అనుమతించారు. ఆ పాస్ వల్ల మైదానం తెరుచుకుంది. ఇవాళ ఒకడు నలభై గజాలు బంతి విసిరితే, అది గాల్లో ఉండగానే ఇంకొకడు సరిగ్గా అది దిగే చోటికి పరిగెత్తుతాడు. నాకు అంతకంటే అందమైన దృశ్యం ఇంకే ఆటలోనూ లేదు.

ఆట మాటిమాటికీ ఆగుతుందని మనోళ్లు అంటారు. ఆగినప్పుడే ఆలోచన. నాలుగు అవకాశాల్లో పది గజాలు పోవాలి. ప్రతిసారీ పదకొండు మందికి పదకొండు పనులు. మా వాడు పడుకునేముందు, ఎవరెటు పోవాలో గీసిన ఆ బొమ్మల పుస్తకం బట్టీ పడతాడు, నేను పక్కన కూర్చుని అప్పజెప్పించుకుంటా.

పెన్నాగట్టు, కోవూరు
సోమవారం ఉదయం 7:30

డల్లాస్ అన్నా, 1906 సంగతి బాగా గుర్తుచేశారు. ఆ పాస్ అందం నేనూ ఒప్పుకుంటా. నాకున్న వెలితి ఒకటే. అక్కడ మనిషి పడగానే ఈల, బంతి వాళ్లదే, మళ్లీ వరస కట్టాలి. రగ్బీలో పడ్డాకే అసలు పోరు. ఇంకోటి, మీ ఆటలో టచ్‌డౌన్ అంటారు గానీ బంతి నేలకి తాకించక్కర్లేదు, గీత దాటితే చాలు. పేరు రగ్బీ రోజులది, పని మారిపోయింది. మాకు ఇప్పటికీ బంతిని చేత్తో నేలకి అదమాలి. ఆ ఆఖరి మూరెడు దూరంలో జరిగే పెనుగులాట చూడాలి మీరు. ట్రై అనే మాట కూడా అట్టాంటిదే. మొదట్లో దానికి పాయింట్లే లేవు. గీత దాటి బంతి ఆనిస్తే గోల్‌కి తన్నడానికి ప్రయత్నించే హక్కు దొరికేది, అంతే. ఇప్పుడు దానికి ఐదు, ఆ తర్వాత తన్నే కిక్కుకి రెండు.

మెల్‌బోర్న్ కావలి
సోమవారం మధ్యాహ్నం 12:10

కావలి నుంచి వచ్చి మెల్‌బోర్న్‌లో స్థిరపడ్డా. ఇక్కడి ఫుటీ, అంటే ఆస్ట్రేలియా ఫుట్‌బాల్, గురించి ఎవరూ ఎత్తలేదు కాబట్టి చెబుతా. 1859లో ఈ ఊళ్లోనే రాసుకున్న నియమాలు. చలికాలంలో క్రికెటర్లు ఒళ్లు పాడుచేసుకోకుండా ఉండాలన్నది మొదటి ఆలోచన, అందుకే ఇప్పటికీ గుండ్రటి క్రికెట్ మైదానాల్లో ఆడతారు. ఒక్కో జట్టుకి పద్దెనిమిది మంది. ఆఫ్‌సైడ్ అన్న మాటే లేదు. బంతి చేత్తో విసరకూడదు, ఒక చేతిలో పెట్టుకుని ఇంకో పిడికిలితో గుద్దాలి. పొడవాటి కిక్కును గాల్లో అందుకుంటే అది మార్క్, ఎవరూ మీద పడకూడదు, ప్రశాంతంగా తన్నుకోవచ్చు. ఎదుటివాడి భుజాల మీద మోకాలు ఆనించి ఎగిరి పట్టే మార్క్ ఒక్కటి చూస్తే చాలు, నేను ఈ ఊరు వదిలి ఎందుకు రానో మీకు తెలుస్తుంది. మధ్య రెండు స్తంభాల్లోకి పోతే ఆరు పాయింట్లు, పక్క స్తంభాల్లోకి పోతే ఒకటి. తప్పిపోయినా ఎంతో కొంత ఇచ్చే ఆట ఇదొక్కటే నాకు తెలిసి.

సిడ్నీ, బ్రిస్బేన్ వైపు మాత్రం రగ్బీ లీగ్‌దే రాజ్యం. అది పదమూడు మంది ఆట. ఆరుసార్లు పట్టుబడేదాకా బంతి మీదే, తర్వాత అవతలివాళ్లకి. స్క్రమ్‌లో నెట్టుకోవడం ఉత్తుత్తిదే. పెన్నాగట్టూ, నువ్వు యూనియన్, అంటే పదిహేను మంది రగ్బీ, మనిషివని తెలుస్తోంది, లీగ్ ఒకసారి చూడు. పరుగెక్కువ, ఈల తక్కువ. మన వింగర్‌కి కూడా నచ్చుతుంది.

పీఈటీ మేడం, కనిగిరి వైపు
మంగళవారం రాత్రి 8:45

ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో పీఈటీగా చేస్తున్నాను. కబడ్డీ, ఖోఖో నేర్పుతాను. మీ చర్చ మూడు రోజులుగా చదువుతున్నాను.

లీగ్, యూనియన్ ఎందుకు విడిపోయాయా అని వెతికి చదివితే మనసు కదిలిపోయింది. 1895లో హడర్స్‌ఫీల్డ్‌లో ఉత్తర ఇంగ్లండ్ క్లబ్బులు బయటికొచ్చేశాయి. అక్కడ ఆడేవాళ్లు మిల్లుల్లో, బొగ్గుగనుల్లో పనిచేసేవాళ్లు. మ్యాచ్ కోసం పని మానితే ఆ రోజు కూలి పోతుంది. ఆ పోయిన కూలి ఇప్పించమన్నారు. డబ్బున్న దక్షిణాది పెద్దమనుషులు ఆట డబ్బు కోసం కాదన్నారు. యూనియన్‌లో ఆటగాళ్లకి బాహాటంగా జీతమివ్వడానికి 1995 దాకా పట్టింది, నూరేళ్లు. మా స్కూల్లో పొగాకు సీజన్ వస్తే నా కబడ్డీ జట్టులో సగం మంది బ్యారన్ల దగ్గరికి, ఆకు గుచ్చడానికి పోతారు. టోర్నమెంట్ అంటే ఆ రోజు కూలి సంగతేంటని ఇంట్లో అడుగుతారు. నేను చాలాసార్లు ఆ తల్లుల ముందు సమాధానం లేక నిలబడ్డాను. అందుకని ఆ హడర్స్‌ఫీల్డ్ వాళ్లు నాకు మనవాళ్లలాగే అనిపించారు.

ఇక ఆట సంగతి. మీరెవరూ చెడుగుడు పేరు ఎత్తలేదేం? మీరు చెప్పే టాకిల్, అదే మనిషిని పట్టి పడెయ్యడం, మాకు కొత్త కాదు. మడమ పట్టు, తొడ పట్టు, నడుం పట్టు, ఇద్దరు చేతులు కలిపి వేసే గొలుసు పట్టు, ఇవన్నీ మా పిల్లలకి ఆరో తరగతికే వచ్చేస్తాయి. మధ్య గీతకి వేలు తగిలించడానికి రైడర్ నలుగురిని ఈడ్చుకుంటూ సాగిలపడుతుంది చూడండి, మీ ట్రై అచ్చం అదే. భారత మహిళల జట్టు 2019లో మనీలాలో సింగపూర్ మీద 21-19తో గెలిచిందనీ, పదిహేను మంది ఆటలో మన మహిళలకి అదే తొలి విజయమనీ చదివాను. ఒడిశా పిల్లలు ఈ ఆటలో బాగా ముందుకొచ్చారు. మరి మన పిల్లలకెందుకు రాదు? ఎట్టా మొదలుపెట్టాలో ఎవరన్నా చెబుతారా?

గిత్తలబండి, ఒంగోలు
మంగళవారం రాత్రి 9:10

మేడం గారూ, కూలి సంగతి చెప్పారే, అది నిజం. చిన్నప్పుడు నేనూ అట్టాగే కబడ్డీ మానేశా.

ఉలవపాడు ఫిజియో
బుధవారం ఉదయం 10:00

మాది ఉలవపాడు, చెన్నైలో ఫిజియోథెరపిస్టుగా చేస్తున్నాను. ఉత్సాహం మీద నీళ్లు చల్లాలని కాదు గానీ, పిల్లల మాట వచ్చింది కాబట్టి తల గురించి ఎవరో ఒకరు చెప్పాలి.

2003లో ఇంగ్లండ్ ప్రపంచకప్ గెలిచినప్పుడు ముందు వరుసలో హుకర్‌గా ఆడిన స్టీవ్ థాంప్సన్‌కి నలభై రెండేళ్లకే మతిమరుపు జబ్బు బయటపడింది. 2020 డిసెంబర్లో ఆయనే చెప్పాడు, ఆ ఫైనల్ ఆడినట్టు తనకి గుర్తే లేదని. ప్రపంచకప్ గెలిచిన మనిషికి గెలిచిన రోజే గుర్తు లేదు. అమెరికన్ ఫుట్‌బాల్‌లోనూ అంతే, మాజీ ఆటగాళ్లకి ఇవ్వాల్సిన పరిహారం వంద కోట్ల డాలర్లు దాటింది. హెల్మెట్ పుర్రె పగలకుండా ఆపుతుంది, లోపల మెదడు ఊగకుండా ఆపలేదు. పైగా హెల్మెట్ ఉందన్న ధైర్యంతో తలనే ఆయుధం చేసుకుంటారు.

రగ్బీ వాళ్లు ఇప్పుడు కళ్లు తెరిచారు, అది ఒప్పుకోవాలి. శామ్ కేన్ ఎర్రకార్డు కూడా ఆ మార్పులో భాగమే. 2023 నుంచి ఇంగ్లండ్‌లో క్లబ్బు, స్కూలు స్థాయి ఆటల్లో రొమ్ము ఎముక అడుగు కంటే పైన పట్టుకోకూడదు. తలకి దెబ్బ తగిలిందని అనుమానమొస్తే బయటికి పిలిచి పరీక్ష చేస్తారు. మన ఊళ్లలో ఆ పరీక్ష చేసేవాళ్లు ఎవరు? కబడ్డీలోనూ తలకి దెబ్బ తగిలిన పిల్లలు మా దగ్గరికొస్తారు. నీళ్లు చల్లి, సోడా తాగించి మళ్లీ దింపారని చెబుతారు. అది మారకుండా పిల్లలకి ఇంకో టాకిల్ ఆట నేర్పితే నేను ఒప్పుకోను.

డల్లాస్ కందుకూరు
బుధవారం రాత్రి 7:40

ఫిజియో గారూ, మీ పోస్టు మా ఆవిడకి చదివి వినిపించా. ఇద్దరం చాలాసేపు మాట్లాడుకోలేదు. పోయిన ఏడాది మా వాడికి ఒక దెబ్బ తగిలి వారం రోజులు వెలుతురు చూళ్లేకపోయాడు. డాక్టరు సరేనన్నాకే దింపారు. అయినా ప్రతి శుక్రవారం నేను గ్యాలరీలో కూర్చునేది వాడి ఆట చూడ్డానికి కాదు, వాడు లేచాడా లేదా అని చూడ్డానికి. వాడికి ఆ ఆటంటే ప్రాణం. మానిపించాలని ఉంది, మానిపించలేను.

పెన్నాగట్టు, కోవూరు
బుధవారం రాత్రి 11:15

ఫిజియో గారు చెప్పింది అక్షరాలా నిజం. ఈ ఆటను ప్రేమించేవాళ్లే ముందు ఆ మాట అనాలి, నేను మొదటి పోస్టులో అనలేదు. థాంప్సన్ మాటలు చదివినప్పటి నుంచి పాత మ్యాచుల్లో గట్టి దెబ్బ చూసి ఇదివరకటిలా చప్పట్లు కొట్టలేకపోతున్నా. తల పక్కకు పెట్టి, తొడల దగ్గర చేతులు చుట్టి పట్టే టాకిల్ ఎంత అందంగా ఉంటుందో ఇప్పుడే ఎక్కువ కనపడుతోంది.

మేడం గారూ, అందుకే టాకిల్ లేకుండా మొదలుపెట్టండి. టచ్ రగ్బీ అని ఉంది, చేత్తో తాకితే పట్టుకున్నట్టే. స్క్రమ్ ఉండదు, మీద పడటం ఉండదు. మిగిలేది పరుగు, వెనక్కి వేసే పాస్. అసలు ఆట అక్కడే ఉంది. తర్వాత కావాలంటే ఏడుగురి ఆట. ఒక్కో సగం ఏడు నిమిషాలే. 2016 రియోలో ఒలింపిక్స్‌లోకి వచ్చింది, ఫిజీ ఫైనల్లో బ్రిటన్‌ని 43-7తో కొట్టింది. ఆ దేశానికి ఒలింపిక్స్‌లో అదే తొలి పతకం, అదీ బంగారం. జనాభా పది లక్షలు కూడా లేని దేశం, మన నెల్లూరు జిల్లా కంటే తక్కువ.

పిల్లలకి ఈ ఆట మనది కాదనిపిస్తే ఒక సంగతి చెప్పండి. ఇంగ్లండ్, స్కాట్లండ్ ఏటా ఆడుకునే కలకత్తా కప్పు మన రూపాయలతో చేసింది. 1870లలో కలకత్తాలో ఒక రగ్బీ క్లబ్బు ఉండేది. సభ్యులు తగ్గిపోయి 1878లో మూసేసినప్పుడు బ్యాంకులో మిగిలిన డబ్బు వెండి రూపాయలుగా తీసుకుని, కరిగించి, మన కంసాలుల చేత కప్పు చేయించి ఇంగ్లండ్‌కి ఇచ్చారు. పిడులు మూడు తాచుపాములు, మూత మీద ఏనుగు. 1879 నుంచి దానికోసం ఆడుతున్నారు. నేను దాని ఫొటో ఫోన్లో దాచుకున్నా, ఆ పాముల పడగల మీద చెక్కిన పొలుసులు కూడా కనపడతాయి.

నా దగ్గర కార్డిఫ్ నుంచి తెచ్చుకున్న బంతి ఒకటుంది. పంపుతా, ఆడించండి.

వింగర్ పదకొండు, నెల్లూరు
గురువారం ఉదయం 8:20

అన్నా, ఆ జపాన్ మ్యాచ్ రాత్రి మొత్తం చూశా. ఆఖరి పది నిమిషాలు రెండుసార్లు. ఫుట్‌బాలే గొప్పదని ఇప్పటికీ అంటా. కానీ డ్రా చేసుకోగలిగి కూడా తన్నకుండా నిలబడ్డారు చూడు, అది మా ఆటలో చూళ్లేదు. ఇంకోటి కూడా గమనించా. అంతంత మనుషులు రెఫరీని ఒక్క మాట అనలేదు. కెప్టెన్ ఒక్కడే పోయి నెమ్మదిగా అడిగాడు. మా దగ్గర పొద్దుటాటలో కూడా రెఫరీ చుట్టూ ఆరుగురు మూగుతారు. ఈ ఆదివారం మావాళ్లకి చెబుతా, కెప్టెన్ తప్ప ఎవరూ మాట్లాడొద్దని.

చెన్నై దాకా పోతే ఆడేవాళ్లు దొరుకుతారా? 2025లో ముంబయిలో జరిగిన రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో చెన్నై జట్టే గెలిచిందని చదివా. మనకు మూడు గంటల దారి.

పెన్నాగట్టు, కోవూరు
గురువారం ఉదయం 8:40

పోదాం తమ్ముడూ. నీ ఆదివారం ఆట అయిపోయాక ఫోన్ చెయ్యి.

పీఈటీ మేడం, కనిగిరి వైపు
రెండు వారాల తర్వాత, శనివారం సాయంత్రం 6:30

బంతి చేరింది. ఆలస్యంగా రాస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు, ఆడించి రాద్దామని ఆగాను.

ముందు గ్రౌండులో పల్లేరుకాయలు ఏరించాను, దానికే రెండు సాయంత్రాలు పట్టింది. సున్నంతో గీతలు వేశాను. పద్నాలుగు మంది వచ్చారు, తొమ్మిది, పది తరగతులు. బంతిని చేతుల్లో తిప్పి చూసి "పనసకాయలాగుంది మేడం" అన్నారు. మొదటి అరగంట ఎవరి చేతికొచ్చినా ముందుకే విసిరారు. నేను ఈల వెయ్యడం, వాళ్లు నాలిక కరుచుకోవడం.

నా జట్టులో ఒక రైడర్ ఉంది, చాలా చురుకైన పిల్ల. బంతి పట్టుకుని ముగ్గురిని తప్పించుకుని అవతలి గీత దాకా పోయింది. ఇంకో నాలుగడుగులు వేస్తే ట్రై. అంతలో ఎవరో వీపు తాకారు. ఆ పిల్ల బంతి వదల్లేదు, గిరుక్కున తిరిగి వచ్చిన దారినే తన వైపుకి పరుగు తీసింది. ఎనిమిదేళ్లుగా కబడ్డీ ఆడిన కాళ్లు కదా, తాకుడు తగిలితే ఇంటికి రావాలని వాటికి తెలుసు. దగ్గరికి పిలిచి, "తాకితే నువ్వు వెనక్కి రావక్కర్లేదమ్మా, బంతిని పంపు, నువ్వు అక్కడే ఉండు" అన్నాను. ఒక్క క్షణం ఆలోచించింది. తర్వాతిసారి పోయింది, తాకారు, అటే చూస్తూ నడుము తిప్పి రెండు చేతులతో వెనక్కి వేసింది. వెనకాల వచ్చే పిల్ల ఛాతీకి సరిగ్గా వచ్చింది బంతి. ఆ పిల్ల పోయి గీత మీద అదిమింది. పద్నాలుగు మందీ ఒకేసారి అరిచారు. పక్క పొలంలో మిరపకాయలు కోస్తున్నవాళ్లు పని ఆపి చూశారు, అందులో ఆ రైడర్ వాళ్లమ్మ కూడా ఉంది.

ఫిజియో గారూ, తలకి దెబ్బ తగిలితే ఏం చూడాలో, ఎప్పుడు ఆపాలో ఒక పేజీలో తెలుగులో రాసి పంపుతారా? కబడ్డీకి కూడా అదే గోడకి అతికిస్తాను.

పెన్నాగట్టు గారూ, ఈ బంతి ఐదో సైజు, చిన్నవాళ్ల చేతులకి పట్టు దొరకడం లేదు. నాలుగో సైజుది ఎక్కడ దొరుకుతుంది?

ఉలవపాడు ఫిజియో
శనివారం రాత్రి 7:15

రాస్తాను మేడం. రేపటికి పంపుతాను, బొమ్మలతో సహా.

పెన్నాగట్టు, కోవూరు
శనివారం రాత్రి 7:50

వచ్చే ఆదివారం నేనూ వింగరూ చెన్నై పోతున్నాం మేడం. నాలుగో సైజువి రెండు తెస్తా. సోమవారం పొద్దున కనిగిరి బస్సుకి పార్సిల్ వేస్తా, స్కూలు వదిలే టైముకి మీ చేతికొస్తాయి.